గేటు లోపలి ఉల్లిపూలు

నా భర్త వాల్టర్ ఫిబ్రవరిలో పోయాడు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో అతను మాట్లాడిన కొద్ది మాటల్లో సగం ఉల్లి గురించే. ఇంటి గురించి, నా గురించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్నేళ్ళు కలిసి బతికాక అవి మాటల్లో చెప్పుకోవలసిన అవసరం ఉండదు.

"తోటలో గాజు గది వెనక నాలుగు ఉంచాను. వాటిని వండెయ్యకు" అన్నాడు. "పువ్వుకి రానియ్యి. మొగ్గలు విచ్చుకునే వేళకి సెప్‌ని పిలువు. వాడికి తెలుసు ఏం చెయ్యాలో. కత్తెర మాత్రం నీ చేతిలోనే ఉంచుకో."

"ఎందుకని?"

"పిలకలు జేబులో వేసుకుపోతాడు వెధవ" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

ఇంగ్లండు ఉత్తరాన మా డర్హం బొగ్గుగనుల ఊళ్ళలో లీక్ ఉల్లి అంటే పులుసులో వేసుకునేది మాత్రమే కాదు. దాని కాడ తెల్లగా, పొట్టిగా, మగవాడి ముంజేతికన్నా లావుగా పెరగాలి. సెప్టెంబర్లో క్లబ్బులో బల్లల మీద పెట్టి టేపుతో కొలిచి బహుమతులిస్తారు. విత్తనం వేస్తే ఎలాంటిది మొలుస్తుందో చెప్పలేం. అందుకని మంచి తల్లి మొక్కను రెండో ఏడు కూడా నేలలోనే ఉంచి, అది పొడుగు కాడ తీసి పూలబంతి పెట్టాక, ఆ బంతిని కత్తెరతో గుండు చేసేస్తారు. పూలు పోయినచోట చలికాలానికి గడ్డిపోచల్లాంటి పిలకలు వస్తాయి. ప్రతి పిలకా అచ్చం తల్లే. వాల్టర్ ఉల్లి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది, ఆయనకు వాళ్ళ నాన్న దగ్గర్నుంచి. ఒక్క ఏడు తప్పితే ఆ వరస అక్కడితో ఆఖరు. మరొకరి దగ్గర దొరకదు. ఇక్కడి మగవాళ్ళు పక్కవాడికి తోపుడుబండి ఇస్తారు, గుర్రపు పేడ ఇస్తారు, జబ్బుపడితే మడి తవ్వి పెడతారు. పిలక మాత్రం ఇవ్వరు.

కౌన్సిల్ వాళ్ళు వాల్టర్‌కు అద్దెకిచ్చిన తోటముక్కను నా పేరుకు మార్చారు. బడి అయ్యాక రోజూ అక్కడికి వెళ్ళేదాన్ని. పిల్లలకు లెక్కలు చెప్పడమే తప్ప మొక్క పెంచి ఎరగను. మొదట వేసిన బఠాణీలు ఎలుకలు తిన్నాయి. మళ్ళీ వేస్తే పావురాలు తిన్నాయి. బంగాళదుంపల ఆకులు చక్కగా పైకి లేచాయని సంబరపడిన మర్నాడే మంచు కురిసి నల్లగా వాలిపోయాయి. నత్తలు వచ్చి పడి చస్తాయని చిన్న గిన్నెల్లో బీరు పోసి పెట్టమన్నాడు సెప్.

సెప్ మా దారికి అవతలి మడివాడు. గని మూతపడ్డాక అతనికి ఆ మడే ఉద్యోగం. అతని పిల్లలు ముగ్గురూ నా దగ్గరే చదివారు.

"టీచరమ్మా, బీరు పోశారా?"

"పోశాను. అయినా లెట్యూస్ అంతా తినేశాయి."

"ఏ బీరు పోశారేంటి?"

"దుకాణంలో చవకది."

"అదీ సంగతి. మన ఊరి నత్తలు అది ముట్టవమ్మా. వాల్టర్ వాటిని గారం చేసి చెడగొట్టాడు."

ఫిబ్రవరి తరవాత నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను.

చిక్కుడు తీగ పందిరెక్కింది. గూస్‌బెర్రీలు కాశాయి. గాజు గది వెనక నాలుగు ఉల్లి కాడలూ నా భుజం ఎత్తుకు పెరిగి, చివర పల్చటి కాగితం టోపీలాంటిది పెట్టుకున్నాయి. జూలైలో ఆ టోపీలు చిట్లి, లోపలనుంచి ఊదారంగు బంతులు బయటపడ్డాయి. శనివారం గుండు గీద్దామన్నాడు సెప్. కత్తెర నూనె రాసి సిద్ధంగా పెట్టాను.

ఆ వారమే హిల్డా వచ్చింది. హిల్డా వాల్టర్ చెల్లెలు. చిన్నప్పుడే ఊరొదిలి దక్షిణ సముద్రతీరంలో ఒక హోటల్లో వంటపనికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయి మంచంమీద ఉండటంవల్ల అన్న అంత్యక్రియలకు రాలేకపోయింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. గురువారం నేను బడికి వెళ్తుంటే, "సమాధి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళొస్తా వదినా. ఏమీ అనుకోవుగా?" అంది. ఏమీ అనుకోనన్నాను.

సాయంత్రం మడి దగ్గరికి వెళ్ళేసరికి గేటు దగ్గర సెప్ నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"టీచరమ్మా, లోపలికి పోకండి."

"ఏమైంది?"

"కోసేశారమ్మా. నాలుగూ. నేను మందుల షాపుకి వెళ్ళొచ్చేలోపల. ఆ పై వీధి గాడ్‌ఫ్రీ గాడే, నాకు తెలుసు. పోయినేడు రెండో బహుమతి వచ్చిన కడుపుమంట. చచ్చినవాడి ఉల్లి కోస్తాడా? మనిషేనా వాడు?"

పోటీ ముందు ఇతరుల ఉల్లి కోసి పాడుచేసేవాళ్ళు మా వైపు ఉన్నారు. దానికి భయపడే సెప్టెంబరు వచ్చేసరికి సగంమంది మగవాళ్ళు షెడ్లలో పడుకుంటారు. కాని జూలైలో ఎవరూ కొయ్యరు. నేను లోపలికి వెళ్ళాను. నేలకు జానెడు ఎత్తున నాలుగు మొదళ్ళు మిగిలాయి. కోత నున్నగా ఉంది. షెడ్డు బల్లమీద మా ఇంటి రొట్టె కోసే కత్తి, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

"గాడ్‌ఫ్రీ కాదు" అన్నాను.

సెప్ కత్తిని చూశాడు, నన్ను చూశాడు. "హిల్డా?"

"పూలనుకుంది."

"పూలా! వాళ్ళ నాన్న ఊళ్ళోకెల్లా పెద్ద ఉల్లి పండించినవాడు. ఆయన కూతురికి ఉల్లి తెలీదా? ఉండండి, చెప్తా దాని సంగతి."

"మీరేమీ చెప్పద్దు, సెప్. కత్తెర పట్టుకుని నాతో రండి. నోరు మాత్రం ఇక్కడ వదిలేసి రండి."

బడిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాను. అతను కూడా బడిపిల్లాడిలాగే వెనక నడిచాడు.

శ్మశానం కొండవాలులో ఉంది. హిల్డా బెంచీమీద కూర్చుని ఉంది. రాయి ముందు ఇత్తడి కుండీలో నాలుగు ఊదాబంతులు గాలికి ఊగుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ శ్మశానంలో అంత అందమైన పూలు మరే సమాధిమీదా లేవు. తేనెటీగలు అక్కడికే వచ్చి వాలుతున్నాయి.

"చూశావా వదినా?" అంది హిల్డా. "కొన్న పూలు పెట్టబుద్ధి కాలేదు. అన్న తోటలోవే పెట్టాలనిపించింది. వీటి పేరేంటి? ఎంత బాగున్నాయో."

పిల్లలు తప్పు చేస్తే ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలుసు. ఇది తప్పు కాదు.

సెప్ గొంతు సవరించుకున్నాడు. నేను అతని వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు. హిల్డా అతని చేతిలో కత్తెర చూసింది.

"ఏంటి సెప్, కత్తెర తెచ్చావు? గడ్డి కత్తిరించడానికా?"

"కాదు తల్లీ. పూలకి... కొంచెం క్షవరం."

"పూలకి క్షవరమేంటి?"

ఇక దాచితే అవమానించినట్టవుతుంది. "అవి లీక్ ఉల్లిపూలు హిల్డా. మీ నాన్నగారి ఉల్లి" అన్నాను. మిగిలింది తగ్గు గొంతుతో చెప్పాను.

హిల్డా చేతికర్ర పిడిని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"నాకెలా తెలుస్తుంది వదినా? నాన్న నన్ను గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆడపిల్లలు నడిస్తే మడి గట్టిపడుతుందనేవాడు. టీ ఫ్లాస్కు గేటుమీద పెట్టి వెనక్కి వచ్చెయ్యాలి. వాల్టర్ లోపలుండేవాడు. నేను కంచె సందులోంచి చూసేదాన్ని. వండే ఉల్లి తెలుసు నాకు, వెయ్యిసార్లు వండుంటాను. పూసిన ఉల్లిని నేనెప్పుడు చూశాను? ఇవాళ గేటు తాళం తీసుకుని లోపలికి వెళ్ళడమే మొదటిసారి."

సెప్ టోపీ మళ్ళీ తీశాడు. "ముసలాయన అలాగే అనేవాడు. నిజమే" అన్నాడు. దాన్ని నలుపుతూ, "మా నాన్న కూడా" అన్నాడు.

"ఇప్పుడు చచ్చిపోతాయా అవి?"

"నీళ్ళలో ఉన్నాయిగా. గాజు గదిలో పెట్టి చూద్దాం. ఏమో, చెప్పలేను. ఇలా ఎవరూ చెయ్యలేదు. నీలాంటి మొనగత్తె ఇంతవరకు పుట్టలేదు."

హిల్డా ఏడుస్తూనే నవ్వింది. వాల్టర్ మాటప్రకారం కత్తెర నా చేతిలో ఉండాలి. నేను దాన్ని హిల్డాకి ఇచ్చాను. సెప్ ఒక్కో బంతిని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుతుంటే ఆమె గుండు గీసింది. ఊదా రేకులు రాతిమీదా, గడ్డిమీదా రాలాయి. ఊడ్చకుండా అలాగే ఉంచేశాం.

నాలుగు కాడలనూ బకెట్లో నిలబెట్టాం. ఆగస్టులో ఒకదాని తరవాత ఒకటి మెత్తబడి వంగిపోయాయి. చివరిదాని తలమీద ఆకుపచ్చ చుక్కలు కనిపించాయని సెప్ పరుగెత్తుకొచ్చి చెప్పాడు. వారం గడిచేసరికి అదీ కుళ్ళింది. ఆదివారం ఆదివారం హిల్డా ఫోను చేసి మొదట వాటి సంగతే అడిగేది. నేను అబద్ధం చెప్పలేదు. అవతల ఆమె "సరేలే వదినా" అనేది.

చిక్కుడు మాత్రం కోసినకొద్దీ కాసింది. అందరిళ్ళలోనూ అదే కాపు గనక ఎవరూ తీసుకునేవాళ్ళు కారు. గుమ్మాల ముందు పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసేదాన్ని. సెప్టెంబర్ పోటీలో సెప్‌కు మూడో బహుమతి వచ్చింది. వాల్టర్ ఉల్లి ఎప్పుడూ పెట్టే మూల బల్లను ఎవరూ వాడలేదు. ఎవరు చెప్పారో, అందరూ వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారో తెలియదు. నేను కాస్సేపు అక్కడ నిలబడి ఇంటికి వచ్చేశాను.

అక్టోబర్ సెలవులకు హిల్డా మళ్ళీ వచ్చింది. ఈసారి చేతికర్ర లేదు. మడి తవ్వే కాలం అది. గాజు గది వెనక మూల నేను తవ్వలేదు. ఆ మొదళ్ళు పీకేసి ఎరువుగుట్టమీద వెయ్యాలని సెప్ రెండుసార్లు అన్నాడు. "ఎండిపోయిన మోళ్ళమ్మా, వాటినేం చూస్తారు?" అన్నాడు. తరవాత చేద్దామన్నాను. కారణం అతనికి చెప్పలేదు. అవి వాల్టర్ తన చేత్తో నాటినవి.

"ఆ మూల నేను బాగుచేస్తా వదినా. పాడుచేసింది నేనేగా" అంటూ హిల్డా గోనెపట్టా పరుచుకుని మోకాళ్ళమీద కూర్చుంది. నేను క్యాబేజీల దగ్గరున్నాను.

"వదినా, ఇక్కడ గడ్డి గుబురుగా మొలిచిందేం? సన్నగా ఉంది, పీకుతుంటే రావట్లా."

"పీకకు!"

ఆ గొంతు బడి ఆవరణ దాటి వీధి చివరకు వినపడే గొంతు. ఆ ఏడు నేను గట్టిగా మాట్లాడింది లేదు. దారి అవతల సెప్ పార కింద పడేశాడు.

ముగ్గురం వంగి చూశాం. ఎండి తెల్లబడ్డ మొదలు చుట్టూ, నేలను చీల్చుకుని, సూదుల్లాంటి ఆకుపచ్చ పోచలు. సెప్ తడినేలమీద బోర్లా పడుకున్నాడు. ఒక పోచ కొన గిల్లి వాసన చూశాడు. నాకు ఇచ్చాడు, నేను హిల్డాకి ఇచ్చాను.

"ఉల్లి" అంది హిల్డా.

"వేరులోంచి పిలకలు వేసింది మొండిఘటం" అన్నాడు సెప్, పడుకునే. "పైన పోతే పోయిందని కిందనుంచి వేసింది. మోళ్ళు పారేద్దామని నేనే అన్నాను చూడు. వాల్టర్ వింటే చంపేవాడు నన్ను."

మిగిలిన మూడు మొదళ్ళలో రెండు కుళ్ళిపోయాయి. మూడోదాని చుట్టూ కూడా పిలకలున్నాయి. హిల్డా వాటిని చెంచాతో, వేరు తెగకుండా, వంటింట్లో గుడ్డు సొన విడదీసేంత జాగ్రత్తగా విడదీసింది. చిన్న కుండీల్లో నాటి గాజు గదిలో వరసగా పెట్టాం. సెప్ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇతరుల పిలకల దగ్గరికి వెళ్ళడం మర్యాద కాదు.

హిల్డా రెండు కుండీలు ఎత్తి అతనికి చాపింది.

"ఏంటిది?"

"నీకే."

"నాకా? వద్దు తల్లీ. మీ నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"రానీ. గేటు దగ్గర ఆపి, టీ ఇచ్చి పంపిస్తా." హిల్డా నా వైపు తిరిగింది. "ఒక్కళ్ళ దగ్గరే ఉంటే మళ్ళీ ఇలాగే అవుతుంది కదా వదినా?"

వాల్టర్ ఏమంటాడా అని ఆలోచించాను. వెధవ అంటాడు. నవ్వుతూ అంటాడు.

"తీసుకోండి సెప్" అన్నాను.

అతను రెండు చేతులతో అందుకున్నాడు. దారి దాటడానికి పది అడుగులే అయినా, ఎవరి కంటా పడకుండా కుండీలు రెండూ కోటు లోపల పెట్టుకుని, గుండెమీద చెయ్యి వేసుకుని నడిచాడు. ఆకుపచ్చ కొనలు కాలరు పక్కనుంచి బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. హిల్డా గోనెపట్టా దులిపి, వచ్చే ఏడు బఠాణీ ఎక్కడ వేస్తావని అడిగింది.