గడ్డి మొలవని వాకిలి

బైరకూరులో పొద్దున్నే డెయిరీకి పాలు పోసొచ్చాక ఆడవాళ్ళ మొదటి పని వయ్యారిభామ పీకడం. ఒకరిని చూసి ఇంకొకరికి కళ్ళు కుడితే చాలు, చూపు పడినచోట తెల్లారేసరికి ఆ తెల్లపూల మొక్క లేచేది. కొత్త ఆవు వస్తే కొట్టం చుట్టూ, కూతురికి ఉద్యోగమొస్తే గడప ముందూ మొలిచేది. ఊరికి అది అలవాటే.

సుమ చేను నిండా అదే గడ్డి. ఆమె తోడికోడలు అక్కయమ్మ వాకిలి మాత్రం కడిగిన కంచంలా ఉండేది. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో అక్కడ ఒక్క మొక్క మొలవలేదు. ఆమెను చూసి ఓర్వలేనివాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరన్నమాట. సుమ పీకి గట్టున వేసిన కుప్పను చూసినా అక్కయమ్మకు కడుపు మండేది. మర్నాటికి ఆ కుప్ప పక్కనే ఇంకో పిడికెడు మొలిచేది.

“ఇంగ పీకలేనక్కా, చేతులంతా దద్దుర్లు,” అనేది సుమ. అంతేగాని ఎవరినీ తిట్టేది కాదు. అదీ అక్కయమ్మకు గిట్టేది కాదు.

బంగారు గనులు మూతపడ్డాక ఊరిగాంలో గని కంపెనీ ఇళ్ళ మధ్యా ఈ గడ్డే. అక్కడి గుమాస్తా కూతురు సహన చదువుకుని, ఈ గడ్డికి తెగులు తెచ్చే బూజును కనిపెట్టింది. దాన్ని అన్నం మెతుకుల మీద పెంచి, నీళ్ళలో నానబెట్టి, వడగట్టి చల్లితే ఆ విషానికి వయ్యారిభామ మాడిపోతుంది. రాగిపైరుకు ఏమీ కాదు. బూజు పెంచడానికి గడ్డి జాడలేని ఇల్లు కావాలంది, బైరకూరు వచ్చిన సహన.

“అక్కయమ్మ వాకిలి ఉండాది కదమ్మా! దాని పక్క చూసేవాళ్ళే లేరు,” అన్నాడు గుంపులోంచి ఆంజినప్ప. అందరూ నవ్వినారు.

“కాచొద్దు అక్కయమ్మా, కాస్తే మందు బలం పోతాది,” అని సహన జాడీలు అప్పగించింది.

బూజు నల్లగా, మెత్తగా పెరిగింది. సీసాలు పట్టుకుని ఊరంతా వచ్చింది. అందరికీ పచ్చిమందు పోసిన అక్కయమ్మ, సుమ సీసాలోకి మాత్రం పొయ్యి మీద కాచి చల్లార్చి పోసింది.

సుమ రెండుసార్లు కొట్టినా గడ్డి వాడలేదు. ఆవు దాన్ని మేసి పాలు చేదెక్కినాయి. “ఈ వారం చూస్తాం. మళ్ళీ చేదొస్తే నీ పాలొద్దు,” అన్నాడు డెయిరీ శ్రీనివాసప్ప. తిప్పి పంపిన క్యానుతో సుమ అక్కయమ్మ గడపలో నిలబడింది.

“అందరి చేన్లూ బాగుపడినాయి. నాకే పనిచెయ్యలేదక్కా. నీదే అదృష్టం.” జాడీల వరసను చాలాసేపు చూసి వెళ్ళిపోయింది.

తెల్లారి ఊడుస్తుంటే గడప పక్కన వయ్యారిభామ, రెండు తెల్లపూలతో. అక్కయమ్మ చీపురు వదిలి దాని ముందు కూర్చుంది. చెంబుతో నీళ్ళు కూడా పోసింది. ఆ చూపు ఎవరిదో ఆమెకు తెలుసు. అంతవరకు సుమ చూపుకు ఊళ్ళో ఎక్కడా ఒక మొక్క మొలిచింది లేదు. ఓర్వలేనితనం అంటురోగం. అంటించింది తానే.

చెంబు కింద పెట్టి, పచ్చిమందు స్ప్రేయర్లో పోసుకుని సుమ చేనికి నడిచింది.

“నువ్వెందుకు వచ్చినావక్కా?”

“నీకిచ్చింది కాచినాను.” అక్కయమ్మ తల ఎత్తలేదు, చల్లడం ఆపలేదు.

సుమ నీళ్ళ బిందె తెచ్చి పక్కన పెట్టింది.

వారంలోపల పాల చేదు పోయింది. సుమ చేలో గడ్డి మళ్ళీ మొలవలేదు.

గడప పక్క మొక్కకు అక్కయమ్మ మందు కొట్టలేదు. వేరుతో సహా ఉత్త చేత్తో పీకింది. సాయంత్రానికి అరచేతిలో దురద పుట్టింది. గోక్కోలేదు.