రాణిగారి ఏడో రీలు

నేను ఒక సినిమా రీలుని. జర్మనీలో తీసిన ఏడు రీళ్ల బొమ్మలో ఆఖరిదాన్ని. ఇప్పుడు నన్నో మ్యూజియంలో చల్లటి గదిలో పెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని మరీ ముట్టుకుంటున్నారు. ఈ మర్యాద చూసి మోసపోకండి. దీపం వెలిగిస్తే తిరగడం, ఆర్పేస్తే ఆగడం తప్ప నా చేతిలో ఏనాడూ ఏమీ లేదు. ఆ సంగతి నాకు కాకినాడలో బాగా తెలిసొచ్చింది.

మా కథ గుర్రబ్బళ్ల కాలం నాటిది. పద్దెనిమిదేళ్లకే కిరీటం నెత్తిన పడ్డ చిన్న రాణి. మంత్రులు ఓ రాకుమారుణ్ణి ఖాయం చేస్తే, ఆ పెళ్లి తప్పించుకోవడానికి మారువేషంలో పారిపోతుంది. అవతల రాకుమారుడూ అదే పని చేస్తాడు. ఇద్దరూ ఓ సత్రంలో ఎదురుపడి, ఎవరెవరో తెలియకుండానే ప్రేమలో పడతారు. ఇందులో తెలివితక్కువతనం మీకు కనబడితే కనబడనివ్వండి, మా దర్శకుడికి మాత్రం కనబడలేదు. మంచు సీన్లు మండువేసవిలో తీశాడాయన. పాపం రాణిగారు ఉన్నికోటులో చెమటలు కక్కుతూనే చలికి వణికింది.

అరవైల్లో ఊరూరా తిరుగుతూ కాకినాడ ఫిల్మ్ క్లబ్బుకి చేరాం. బొమ్మ కింద అక్షరాలు లేవు, ఊళ్లో జర్మన్ వచ్చినవాళ్లూ లేరు. ఉన్న ఒక్కతీ క్లబ్బు కార్యదర్శి వెంకటప్పయ్యగారి కూతురు హైమవతి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ, ఆ పుస్తకాల కోసం నేర్చుకుంది. మైకు పట్టుకుని తెలుగు చెప్పే పని ఆమెకే అప్పజెప్పారు. ఆటకి ముందురోజు ఆపరేటరు మదార్ సాయిబు చేత ఏడు రీళ్లూ వేయించుకుని ఒక్కతే చూసింది.

"ఎల్లుండే కదమ్మా మీ తాంబూలాలు! సంబంధం మంచిదటగా?" అన్నాడు మదార్, నన్ను చుడుతూ.

"నాన్నగారు మంచిదంటున్నారు" అంది హైమవతి. అంతే అంది.

మర్నాడు సాయంత్రం ఆట రక్తికట్టింది. ముసలి మంత్రి నత్తిని కూడా ఆ పిల్ల తెలుగులో పలికిస్తుంటే హాలు పడీపడీ నవ్వింది. ఆరో రీలయ్యాక మదార్ నా డబ్బా మూత తీశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అరగంటైనా రాలేదు.

"చివరికేమైందో నువ్వే చెప్పెయ్యమ్మా, ఇళ్లకు పోతాం!" అన్నారెవరో.

హైమవతి చీకట్లో లేచి నిలబడింది. "రాణి పెళ్లి వద్దంది. మంత్రులందరి ఎదటా, నాకిప్పుడే పెళ్లక్కర్లేదు అని చెప్పేసింది. ఎవరూ ఏమీ అనలేకపోయారు" అంది.

జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లి నా దగ్గరుంది! గంటలూ, పూలూ, పల్లకీలాంటి బండీ అన్నీ నా దగ్గరే ఉన్నాయి. అబద్ధమని అరుద్దామంటే నోరేదీ?

ఆ మర్నాడు పొద్దున్నే వెంకటప్పయ్యగారు కూతుర్ని వెంటబెట్టుకుని హాలుకి వచ్చారు. అంత నవ్వించిన బొమ్మ అలా ముగిసిందంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. నన్ను వెయ్యమని మదార్‌కి చెప్పారు.

"ఎందుకు నాన్నా, పదకొండింటికి మగపెళ్లివాళ్లొస్తారు కదా" అంది హైమవతి. ఆ గొంతు విన్నాక గానీ నాకు అర్థం కాలేదు, నేను బయటపెట్టబోయేది ఎవరి గుట్టో. సిగ్గేసింది. తెగిపోదామనుకున్నాను. మదార్ వేసిన అతుకులు గట్టివి, తెగలేదు. దీపం వెలిగింది. రాణి రాకుమారుడితో ఏదో అంది, అతను తల ఊపాడు, గంటలు మోగాయి.

"పెళ్లి చేసుకుందిగా! నిన్న అందరి ముందూ అంత అబద్ధం చెప్పావేం?" అన్నారాయన.

"చేసుకుంది నాన్నా. కానీ పెళ్లాడమని రాణిని అడిగే హక్కు ఎవరికీ లేదట. అది వాళ్ల ఆచారం. మంత్రులు తెచ్చిన సంబంధమే అయినా, ఆవిడ తన నోటితో తను అడిగాకే గంటలు మోగాయి." తండ్రి వైపు తిరిగింది. "నన్నెవరూ అడగను కూడా అడగలేదు."

ఆయన తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఖాళీ తెర అది.

"అడిగితే ఏమంటావు?"

"వద్దంటాను. చదువు పూర్తి కానివ్వమంటాను."

"నలుగురినీ పిలిచేశాను కదమ్మా! మాటిచ్చేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నారు. కోపంగా అనలేదు. పాపం, ఆ పెద్దమనిషికి నిజంగానే తోచలేదు.

మదార్ కేబిన్లోంచి తొంగి చూశాడు. "డబ్బా కట్టేయమంటారా అయ్యగారూ?"

"మళ్లీ వెయ్యి మదారూ."

మళ్లీ తిరిగాను. రాణి అడిగింది, అతను తల ఊపాడు. అయిపోగానే "ఇంకోసారి" అన్నారు. హైమవతి తెలుగు చెప్పలేదు, ఆయనా చెప్పమనలేదు. ఇంటికెళ్లమని కూతురికి చెప్పలేకపోయారు, తను వెళ్లి ఆ పెళ్లివారికి కాదనీ చెప్పలేకపోయారు. మా ముగ్గురిలోనూ తిరగడం చేతనైంది నాకొక్కదానికే కాబట్టి నేను తిరిగాను.

నాలుగోసారి గంటలు మోగుతుండగా పదకొండు దాటింది. వెంకటప్పయ్యగారు చేతి గడియారం చూసుకున్నారు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.