నీలిగొంతు తొండ

మా ఆయన వెంకటి చెప్పిన కోతల్లో నాకు బాగా ఇష్టమైనది నీలిగొంతు తొండ.

చిన్నప్పుడు ఎడపల్లి అవతల మిట్ట మీద మేకలు కాసేవాడట. అక్కడ ఒక తొండ రాయెక్కి, గొంతు కింద తోలును నీలిరంగు విసనకర్రలా విప్పేదట. నేను వర్ని దగ్గర, వలస రైతులు కట్టుకున్న క్యాంపులో పుట్టినదాన్ని. మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు. మాకు తెలిసిందల్లా వరి, బురద, కప్పలు. తొండంటే నా లెక్కలో మట్టిరంగుదే.

"నీలం తొండా? నయం, అది పాట కూడా పాడిందన్నారు కాదు," అన్నాను పెళ్ళయిన కొత్తలో.

"సూపిస్త సుధా. నువ్వే నోరెల్లబెడ్తవ్," అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఎండాకాలం అదే పని. ఆయనకు టౌనులో కంఠేశ్వర్ దగ్గర మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. ఎండల్లో బోరు మోటార్లు కాలిపోవడం ఎక్కువ, తీరిక దొరికేది కాదు. అయినా ఆదివారం పొద్దు వాలాక బండి తీసేవాడు. ఫ్లాస్కులో చాయ్, పొట్లంలో మిర్చీబజ్జీలు. చెరకు చేలు దాటి, కాలువ నీళ్ళు ఎక్కని ఆ మిట్ట దగ్గర ఆగి ఇద్దరం రాళ్ళ మధ్య తిరిగేవాళ్ళం. చల్లగాలి వీచేది. తొండ మాత్రం కనబడేది కాదు.

"తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, మీ కథ ఏటికేడు ముదిరిపోతోందండీ," అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి, బజ్జీ తుంచి నా నోట్లో పెట్టేవాడు. వచ్చే వారం చూద్దామనేవాడు. అలా వారాలు, ఎండాకాలాలు గడిచాయి. రెండేళ్ళ కింద, షాపులో పని చేస్తూ చేస్తూనే గుండెపోటుతో పోయాడు.

మనిషి పోయాక ఎవరికి ఏది మిగులుతుందో చెప్పలేం. నాకు ఆ తొండ మిగిలింది. ఎక్కడ రాయి కనబడినా దాని మీదికి కళ్ళు పోయేవి. ఒక్కసారి అది కనిపిస్తే చాలు, ఆయన గెలిచినట్టు, నేను ఓడినట్టు. ఓడిపోవాలని ఇంతగా ఆరాటపడ్డ ఆడది ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు.

ఈ ఏప్రిల్‌లో మా వాకింగ్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఎడారిలాంటి బీడు భూముల్లో బతికే తొండలు, బల్లులు, ఉడుముల సర్వేకు వాలంటీర్లు కావాలట. వాళ్ళు తిరిగే చోట్లలో ఎడపల్లి మిట్ట కూడా ఉంది. వెంటనే పేరిచ్చేశాను.

"బల్లి మీద పడితేనే తలస్నానం చేస్తం. నువ్వు ఎతుక్కుంట పోతున్నవా?" అని పక్కింటి జ్యోతిరాణి బుగ్గలు నొక్కుకుంది.

అత్తమ్మ చంద్రవ్వది వేరే దిగులు. "ఎండల ఎట్ల పోతవ్ బిడ్డా? నీకు తల్నొప్పి లేస్తది గద."

నిజమే, నాకు ఎండ పడదు. కాసేపు తగిలిందంటే ఒకవైపు తల పగిలిపోతుంది, చీకటి గదిలో రోజంతా పడుకోవాలి. అయినా తడి తువ్వాలు తలకు చుట్టుకుని బయల్దేరాను.

సర్వే నడిపించేది దీక్షిత అని, హైదరాబాదులో పరిశోధన చేస్తున్న ఆర్మూరు పిల్ల. మమ్మల్ని వరసగా, ఎడంగా నిలబెట్టి, చప్పుడు లేకుండా నడవమంది. వరస అనగానే నా ఒళ్ళు నాట్ల అలవాటు కొద్దీ వంగిపోయింది, కాళ్ళు వెనక్కి పడ్డాయి.

"అక్కా, ఇది వరి మడి గాదు, ముంగటికి నడువు!" అంది దీక్షిత. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎండ చుర్రుమంటోంది. సగం మిట్ట దాటామో లేదో, నా ఎదురుగా మోకాలెత్తు రాయి మీద వేలెడంత తొండ. మట్టిరంగే. తల ఎగరేసింది. గొంతు కింద నీలం విప్పింది. మూసింది, మళ్ళీ విప్పింది. అంత నీలం నేను పట్టుచీరల్లో కూడా చూడలేదు.

"ఏమండీ, చూడండీ!" అని పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

దీక్షిత మెల్లగా వచ్చి ఫొటోలు తీసుకుంది. నా కళ్ళు చూసి చెయ్యి పట్టుకుంది.

"ఎన్ని ఎండాకాలాలు వచ్చామో ఇక్కడికి. ఒక్కసారీ కనబడలేదు," అన్నాను.

"ఏ టైముల వచ్చేటోళ్ళక్కా?"

"సాయంత్రం. చల్లబడ్డాక."

"అగో, గప్పుడు ఎట్ల కనవడ్తది? చల్లవడితే పొదలల్ల దూరుతది. ఎండెక్కినంకనే రాయెక్కుతది. ఈడ మేకలు కాసే ఎవర్నడిగినా చెప్తరు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన ఈ మిట్ట మీదే కదా మేకలు కాసింది! ఇల్లు చేరేసరికి తల ఒకవైపు పగులుతోంది. చెప్పులైనా విప్పకుండా అత్తమ్మను నిలదీశాను. "తొండ కనబడింది అత్తమ్మా. ఎండలోనే వస్తుందట. మీ అబ్బాయికి ఆ మాత్రం తెలీదా?"

అత్తమ్మ మాత్ర, మంచినీళ్ళు తెచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎర్క లేకేంది బిడ్డా. పొద్దుగూకినంక ఏం కనవడ్తదిరా, ఎండపూట తీస్కపో అని నేను గూడ అన్న. 'వద్దవ్వా, సుధకు ఎండ పడది. నన్ను ఎక్కిరించుకుంట నవ్వుతది సూడు, గది సాలు నాకు' అన్నడు."

ఒక్కసారి తీసుకెళితే ఏమయ్యేది? ఒక రోజు తలనొప్పి. నేను నోరెళ్ళబెట్టేదాన్ని, ఆయన ఆ నోరు చూసి మురిసిపోయేవాడు. దానికి నూరు తలనొప్పులైనా పడేదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేడు. చీకటి గదిలో గోడకు తల ఆనించి ఏడ్చాను.

"మాత్ర ఏస్కో బిడ్డా," అంది అత్తమ్మ.

"కాసేపు ఉండనీ అత్తమ్మా," అన్నాను. "ఈ నొప్పి నాకు రాకూడదనేగా, ఆయన అన్నేళ్ళూ ఓడిపోయాడు."