తొండి లేని పచ్చీసు

మా ఆయన మధుకర్‌కు మెషిన్లంటే ఎంత ప్రాణమో, వాటిని అమ్మే పెద్ద కంపెనీలంటే అంత మంట. బాన్సువాడ బస్టాండు దగ్గర మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసిన దుకాణం మాది. ఊళ్ళోకి మొట్టమొదటి కంప్యూటర్ తనే తెచ్చానంటాడు. పక్క వీధి జిరాక్స్ సెంటర్ ఆయన కాదంటాడు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. వయసు మీదపడి దుకాణం ఎత్తేశాక అందులోని సామానంతా ఇంటికి వచ్చి పడింది. మంచాల కింద పాత కంప్యూటర్లు, బియ్యం డబ్బా పక్కన కీబోర్డులు. చీపురు పట్టుకుంటే చాలు, మెల్లగా ఊడ్వమంటాడు, వైర్లు ఉన్నాయట. పెళ్ళయిన నాటి నుంచీ నేను వైర్లు దాటుకుంటూనే వంట చేస్తున్నాను.

ఆయన సిద్ధాంతాలు వినని వాళ్ళు మా వాడలో లేరు. ఆట అన్నాక అయిపోవాలి అంటాడు. ఒకరు గెలవాలి, ఒకరు అలగాలి, ఇద్దరూ బువ్వకు లేవాలి. ఇప్పటి ఫోన్ ఆటలకు చివర అనేదే లేదట. చివర ఉంటే మనిషి ఫోన్ కింద పెట్టేస్తాడని ఆ కంపెనీల భయమట. ఫొటోలు వాళ్ళ దగ్గర ఊరికే దాచుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, గోదాము ఊరికే ఇచ్చి తాళంచెవి తన మొలకే కట్టుకునే సేటును ఎక్కడైనా చూశావా అని ఎదురు అడుగుతాడు. ఇక ఏఐ మాట ఎత్తితే ఆ పూట చాయ చల్లారిపోవలసిందే. దానికి కోపం రాదు, కోపం రాని దానితో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే అని తీర్పు చెబుతాడు. ఆ లెక్కన నాతో మాట్లాడడానికి ఆయనకు ఏ లోటూ లేదు.

ఆయన అక్క అంజమ్మ, అంటే మా వదిన, మా వెనక వాడలోనే ఉండేది. పొద్దున్నుంచీ బీడీలు చుట్టి, కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చాక, మధ్యాహ్నం పూట మేమిద్దరం పచ్చీసు బట్ట పరిచేవాళ్ళం. ఆరు గవ్వలు వేయాలి, పడిన లెక్కకు కాయను నడపాలి, దారిలో ఎదుటివాళ్ళ కాయ చిక్కితే చంపాలి, మన కాయలను చుట్టు తిప్పుకొచ్చి మధ్యలో పండించుకోవాలి. ఇది లోకం ఆడే ఆట. మా ఆట వేరు. వదిన కొంగు సర్దుకునే నెపంతో ఒక గవ్వను బోర్లించేది. నేను లెక్కపెడుతూ ఒక గడి మింగేసేదాన్ని. పట్టుబడితే తొండి అని ఒకరు, నీదే తొండి అని ఇంకొకరు గొంతు చించుకునేవాళ్ళం. వదిన భర్త హన్మండ్లన్న గడప దగ్గర కూర్చుని పేపరు చదువుతుండేవాడు. మా అరుపులు వీధిలోకి పోయేసరికి పేపరు దించి, బట్ట వైపు చూడకుండానే, హేమలత లెక్కనే కరెక్టు అని నా పక్షాన చెప్పేవాడు. ఒక్కనాడూ పెళ్ళాం పక్షాన చెప్పలేదు. వదిన ఆయనను వాయించి వదిలిపెట్టి, మళ్ళీ గవ్వలు వేసేది. ఆయనకు ఆ తిట్లే మధ్యాహ్నపు చాయ.

మొన్నటి ఎండాకాలంలో హన్మండ్లన్న పోయాడు. వదిన ఏడవలేదు. వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చింది, పోయినవాళ్ళను సాగనంపింది, కంట చుక్క రాలేదు. కూతురు రవళి తల్లిని ఒంటరిగా ఉంచలేక మద్నూర్‌లోని తన అత్తగారింటికి తీసుకుపోయింది. హైవే మీద లారీలకు టైర్లు వేసే దుకాణం వాళ్ళది. ఇంటి నిండా మనుషులే. అంతమంది మధ్యన వదిన మాట్లాడడం మానేసింది. ఏదైనా అడిగితే ఊ అంటుంది, ఒక్కోసారి అదీ అనదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతుంది. దవాఖానలో చూపిస్తే ఏ రోగమూ లేదన్నారు. ఒకరోజు రవళి ఫోన్ చేసింది.

"మామా, అమ్మ గిట్లనే ఉంటె మాకు దక్కది" అని ఏడ్చింది.

మా ఆయన ఫోన్ పెట్టేసి, చేతిలోని స్క్రూడ్రైవరును చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు. తల్లి పోయాక ఆయనను సాకింది ఆ అక్కే. బీడీలు చుట్టిన పైసలతో ఆయనకు మొదటి పాత రేడియోను విప్పుకొమ్మని కొనిచ్చిందీ ఆమే. నేను ఆ వారమే బట్ట మడిచి, గవ్వలు మూటగట్టి, ఆయనను వెంటబెట్టుకుని మద్నూర్ బస్సెక్కాను.

మూట విప్పగానే వదిన ముఖం మారింది. హాల్లో కూర్చున్న రవళి అత్తగారి వైపు చూసి, గవ్వలు చప్పుడు కాకుండా నా కొంగు కిందికి తోసింది. "ఏడాది నిండలె హేమా. గీ ఇంట్ల గవ్వలు గలగలమంటె నలుగురు ఏమనుకుంటరు" అంది. ఆ పూట ఆమె మాట్లాడింది ఆ మాత్రమే. నిజం చెప్పాలంటే ఆ అత్తగారు ఏమీ అనే మనిషి కాదు. కానీ కూతురి ఇంట్లో, మొగుడు పోయిన ఆడది నవ్వుతూ ఆడుతుంటే లోకం నోరు ఊరుకుంటుందా అని వదిన గుబులు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కిటికీలోంచి కాలువ కింది వరిపొలాలు చూస్తూ కూర్చున్నాడు.

రవళికి ఒక ఉపాయం తట్టింది. తన పాత ఫోన్‌లో పచ్చీసు లాంటి ఆట ఒకటి వేసి తల్లికిచ్చింది. ఫోన్‌లో అయితే ఎవరికీ తెలియదు కదా. వదిన రెండు గడులు జరిపిందో లేదో, ఒక ప్రకటన లేచి, లక్షలు గెలుచుకోండి అని ఇల్లు అదిరేలా అరిచింది. దేవుడి దగ్గర దీపం పెడుతున్న అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. వదిన ఫోన్‌ను దిండు కిందికి తోసేసి, ఇక తాకలేదు. ఆ సంగతి విని మా ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆ కంపెనీ వాళ్ళ ఏడు తరాలనూ కడిగి, కడిగి, చివరికి తానే ఆట తయారుచేస్తానన్నాడు. ప్రకటన ఉండదు, చప్పుడు ఉండదు, ఎవడూ తొంగి చూడడు, అయిపోతే అయిపోతుంది.

కూర్చున్నాక తెలిసింది, ఆయన నేర్చిన ప్రోగ్రాములు పాతవి, ఇప్పటి ఫోన్లకు ఎక్కవు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు చూద్దును కదా, ఏఐతో మాట్లాడుతున్నాడు. అదీ ఎలా, పెళ్ళయిన నాటి నుంచీ నాకు చెప్పని 'దయచేసి' దానికి చెబుతున్నాడు. నేను వెనక నిలబడి దగ్గాను. పనిచేసేవాళ్ళతో మర్యాదగా ఉండాలి అన్నాడు. మరి ఈ ఇంట్లో పనిచేసేది ఎవరు అని అడిగితే కీబోర్డు వైపు తిరిగాడు. దానితోనూ ఆయనకు పడింది లేదు. ఏది అడిగినా చాలా మంచి ప్రశ్న అంటుందట. బడిలో ఏ సారూ తనను అంత మెచ్చుకోలేదని, ఇంతగా మెచ్చుకునేవాడు ఎప్పుడో ఒకప్పుడు చిట్టీ కట్టమంటాడని గొణుక్కున్నాడు. అయినా పని మాత్రం చేసిపెట్టిందని ఒప్పుకున్నాడు. ఒప్పుకునేటప్పుడు ముఖం ఆముదం తాగినట్టు పెట్టాడు.

ఆట బాగా వచ్చింది. మా బట్ట రంగులే వేశాడు. మా ఆరు గవ్వలకు ఫొటో తీసి అవే పెట్టాడు, వాటిలో ఒకటి అంచు విరిగి ఉంటుంది, అదీ అలాగే వచ్చింది. రవళి ఫోన్‌లోకి పంపాడు. ఇక్కడ నేను, అక్కడ వదిన. వేస్తే గవ్వలు వాటంతట అవే పడ్డాయి, కాయలు వాటంతట అవే నడిచాయి. ఒక్క గడి అటూ ఇటూ లేదు. వదిన ఒక ఆట ఆడింది. ఓడిపోయింది. ఓడిపోయినా ఏమీ అనలేదు. మర్నాడు ఆడదామంటే వద్దందని రవళి చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడి, అంతా సరిగ్గానే ఉంది కదా, తప్పు ఎక్కడుందో దొరకడం లేదన్నాడు. నాకు దొరికింది.

"తప్పు లేకపోవుడే తప్పు. గీ ఆటల తొండి లేదు. తొండి లేకపోతె వదిన ఏమని కొట్లాడాలె? కొట్లాడకపోతె మా ఇద్దరికి ఆట ఎందుకు?"

ఆయన తిరిగి ఏఐని అడిగాడు, ఆటలో తొండి చేసే వీలు పెట్టమని. అది మొదట ఎదుటి ఆటగాడికి అన్యాయం జరుగుతుందని నచ్చజెప్పబోయింది. ఈయన పట్టుబడితే సరేనని పెట్టింది. నేను పరీక్షిద్దామని ఒక గడి ఎక్కువ జరపబోయాను. వెంటనే పక్కన పెట్టుకున్న ఇంకో ఫోన్‌లో ఒక డబ్బా తెరుచుకుంది. హేమలత గారు మోసం చేయాలనుకుంటున్నారు, మీరు అంగీకరిస్తారా అని అడిగింది. నేను పడీ పడీ నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. వదిన మద్నూర్ పోయాక ఈ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

నవ్వు ఆగాక ఆయన దాన్ని మూసేసి, తనే కళ్ళద్దాలు సర్దుకుని కూర్చున్నాడు. కొత్తగా ఏమీ పెట్టలేదు, ఉన్నవి తీసేస్తూ పోయాడు. కాయలు నడిపే పని మెషిన్ నుంచి తీసేశాడు. లెక్క చూసే పని తీసేశాడు. ఎవరు గెలిచారో చెప్పే పని కూడా తీసేశాడు. ఇక మిగిలింది ఒక బట్ట, గవ్వలు, కాయలు. ఎవరి కాయను వాళ్ళు వేలితో లాక్కోవాలి, చచ్చిన కాయను వేలితో ఎత్తి బయట పెట్టాలి. ఆడుతున్నంతసేపూ ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. పని అయ్యాక కుర్చీ నా వైపు తిప్పాడు.

"మెషిన్‌కు అన్ని నేర్పుడు కాదు హేమా. ఏడ నోరు మూసుకోవాల్నో నేర్పాలె. గా కంపెనీలోళ్ళు గదే నేర్పరు" అన్నాడు.

ఆయన ఉపన్యాసాలన్నింటిలో నాకు నచ్చింది అదొక్కటే. ఆ మాట ఆయనతో చెప్పలేదు, చెబితే ఇంకా పదిమందికి వినిపిస్తాడు.

మర్నాడు మధ్యాహ్నం రవళి తల్లిని బతిమాలి ఫోన్ చేతికిచ్చింది. వదిన ఆడడానికి ఒప్పుకుంది కానీ నోరు విప్పలేదు. నేను వరి కోతల గురించి చెప్పాను, వాడలో వాళ్ళ సంగతులు చెప్పాను. అవతల లారీల హారన్లు తప్ప ఏమీ లేదు. ఆమె కాయ ఒకటి పండడానికి దగ్గరగా వచ్చింది. దానికి మూడు గడుల వెనక నా కాయ. గవ్వలు వేశాను. రెండు పడింది. మూడు గడులు లాగి, ఆమె కాయను చంపి, వేలితో ఎత్తి బయట పెట్టాను.

అవతల ఇంకో లారీ హారన్ మోగింది. ఇదీ పోయింది అనుకున్నాను. మా ఆయన నా పక్కనే కూర్చుని, నేల వైపు చూస్తున్నాడు.

"తొండి" అంది వదిన.

మెల్లగా అంది. తర్వాత మద్నూర్ మొత్తం వినబడేలా అంది. రెండు పడితే మూడు జరిపావని, నీ కళ్ళకు పొరలు కమ్మాయా అని, కాపురానికి వచ్చిన నాటి నుంచీ నీ బుద్ధే అంతని, నోటికి వచ్చినట్టు తిట్టింది. నేనూ ఊరుకోలేదు, మూడే పడిందని బల్లగుద్ది వాదించాను. అలా వాదిస్తూ వాదిస్తూ ఉండగా ఆమె మాట హన్మండ్లన్న మీదికి మళ్ళింది.

"నీకేంది, ఆయన ఉన్నా నీ దిక్కే చెప్పుతుండె. హేమలత లెక్కనే కరెక్టు అంటుండె" అంది. అని, ఏడ్చింది. హన్మండ్లన్న పోయిన రోజున ఏడవవలసిన ఏడుపంతా ఏడ్చింది. అక్క ఏడుపు వింటూ మా ఆయన స్క్రీన్లు తుడిచే గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. నా ప్రాణం నాకు తిరిగి వచ్చినట్టయింది.

కంగారు పడిన రవళి ఫోన్ లాక్కోబోయినట్టుంది. వెనక నుంచి ఆమె అత్తగారి గొంతు వినిపించింది. "ఏడ్వనియ్యి, ఆపకు" అంది. వదిన ఏడుపు కాస్త తెరిపి ఇచ్చాక ఆమె దగ్గరికి వచ్చి కూర్చున్న అలికిడి అయింది. ఫోన్‌లోకి తొంగి చూసినట్టుంది, గవ్వలు ఇంకా పడినవి పడినట్టే ఉన్నాయి.

"గిండ్ల రెండే పడ్డయి గద. మీ మరదలిదే తొండి" అని తీర్పు చెప్పింది.

జిందగీలో మొదటిసారి ఒక తీర్పు వదిన పక్షాన వచ్చింది. అవతల ముక్కు చీదుకున్న చప్పుడయింది.

"ఇన్నవా? ఇగ నా కాయ నా గడిల వెట్టు" అంది వదిన.

పెట్టాను. ఉన్న గడిలో కాదు, ఒక గడి వెనక పెట్టాను. పెట్టి, ఆమె అరుపు కోసం చెవి ఆనించి కూర్చున్నాను.