మంట వెనక్కి నడిచిన క్షణం

ఆ పొద్దున ఆకాశం బాగా కిందికి దిగింది. నా ఇటుక బట్టీ పొగ పైకి పోలేక, నేల మీద పాకుతూ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఆ పొగలోంచే వచ్చింది ఆ అమ్మాయి, చంకలో లాప్‌టాప్‌తో.

మా తమ్ముడు విశ్వవిద్యాలయంలో మంటల మీద పరిశోధన చేస్తూ ప్రయోగశాలలోనే పోయాడు. గొట్టం చివర వెలగాల్సిన మంట వెనక్కి నడిచి లోపలికి దూరి, గొట్టం పేలిందట. పరిహారం డబ్బు మరదలు ముట్టుకోలేదు. వాడి పేరున విశ్వవిద్యాలయానికే ఇచ్చేసింది. దాంతో ఏటా ఒక విద్యార్థిని ఎక్కడో జరిగే మంటల సదస్సుకు పంపుతారు. ఆమె షరతు ఒకటే: వెళ్ళేవాళ్ళు ముందు ఇంటికొచ్చి, అక్కడ ఏం చెప్పబోతున్నారో తనకు చెప్పాలి. ఆమె సరేనంటేనే టికెట్టు. ఈ ఏడు ఆ వంతు ఈ అమ్మాయిది.

"నువ్వు మంటతో ఇటుకలు కాలుస్తావు, నేను మంటతో కాగితాలు నింపుతాను. ఎవరి పొట్ట నిండుతుందో చూద్దాంలే అన్నయ్యా" అనేవాడు వాడు.

అమ్మాయి లాప్‌టాప్ మరదలి ముందు తెరిచి, మళ్ళీ సగం మూసింది.

"అక్కా, ఆ రోజు ఆయన పెట్టిన కెమెరా ఆగలేదు. క్షణాన్ని సాగదీసి చూపించే కెమెరా అది."

"ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"విచారణవాళ్ళ దగ్గర. ఈమధ్యే మాకిచ్చారు. నేను చెప్పబోయేది దాని గురించే." తల వంచుకుంది. "అంచున ఆయన చెయ్యి కనబడుతుంది. వద్దంటే కత్తిరించేస్తాను."

"ముందు చూపించు."

నేను లేవబోయాను.

"కూర్చోండి బావగారూ. ఒక్కదాన్నే చూడలేను."

తెర మీద నీలి మంట. పక్కన చెయ్యి. మణికట్టు మీద, చిన్నప్పుడు మా బట్టీ దగ్గర కాలిన మచ్చ. వెలుగు కళ్ళల్లో పడకుండా ఆ చెయ్యే అడ్డం పెట్టుకునేవాడు. అలాగే లేచి ఉంది. మంట గొట్టంలోకి జారింది. చెయ్యికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. అదంతా రెప్పపాటు కన్నా తక్కువట. తెర మీద మాత్రం వాడు చాలాసేపు బతికే ఉన్నాడు.

"మళ్ళీ వెయ్యి" అంది మరదలు. అమ్మాయి మళ్ళీ వేసింది. ఈసారి మంట జారకముందే ఆపమంది మరదలు. వాడి చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

"ఇక్కడిదాకా చూపించు. టికెట్టు ఇప్పిస్తాను."

"నేను కనిపెట్టింది దీని తర్వాతే ఉందక్కా. ఇక్కడ ఆపేస్తే చెప్పడానికి ఏమీ లేదు."

"అయితే వెళ్ళకు."

అమ్మాయి ముఖం వాడిపోయింది. "సరే అక్కా" అని సంచీ అందుకుంది.

"అయినా అది చూస్తే వాళ్ళకేం ఒరుగుతుందే?" మరదలు సంచీ పట్టి ఆపింది.

"మంట గొట్టం గోడ పట్టుకుని పాకింది. లోపల జల్లెడ ఎక్కడ బిగిస్తే ఆగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి గొట్టాలతో ఇంకా చాలామంది పనిచేస్తున్నారు. నేనూ అంతే."

మరదలు ఆ పిల్ల చేతుల వంక చూసింది. సన్నటి చేతులు, వేళ్ళ మీద సిరా మరకలు.

"చివరిదాకా చూపించు" అంది. "చెయ్యి మాత్రం కత్తిరించకు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలియాలి."

అమ్మాయి లాప్‌టాప్ మూయబోయింది.

"ఉండనీ. తిని వెళ్దువుగాని."

మరదలు కంచాలు పెట్టింది. తెర మీద వాడి చెయ్యి అలాగే లేచి ఉంది. దాని ముందే ముగ్గురం తిన్నాం.