పదికి పది మబ్బు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఇంకా నా మాట వినవు. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాగితాలు నింపడానికి నాలుగు రోజులు పట్టింది.

అంకెలు మాత్రం ముందు నుంచీ వచ్చు. బట్టలు కుట్టేదాన్ని కనుక టేపు మీది అంకెలతోనే బతుకు గడిచింది. మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. చివరి పదకొండేళ్ళూ పొద్దు గూకగానే టెలిస్కోపు భుజాన వేసుకుని మేడ ఎక్కేవారు. దిగి వచ్చాక నోటుపుస్తకంలో తేదీ, పక్కన ఒక అంకె, ఇంకేవో నాలుగు మాటలు రాసేవారు. నేను అంకె ఒక్కటే చూసేదాన్ని. పది, తొమ్మిది, మళ్ళీ పది. అన్ని చుక్కలు కనిపించాయన్నమాట అనుకుని, "ఇవాళ పదా! ఇంకేం, మీ పంట పండింది" అనేదాన్ని. ఆయన పగలబడి నవ్వేవారు. ఎదురింటావిడ దగ్గర కూడా ఆ పదుల గురించి గొప్పలు పోయాను.

ఆయన పోయిన మూడేళ్ళకు నాకు చదవడం వచ్చింది. మొదట తీసింది ఆ పుస్తకమే. కూడబలుక్కుంటూ చదివితే, అంకెల వరుస పైన "మబ్బు, పదికి" అని ఉంది.

పది అంటే ఆకాశమంతా మబ్బు. ఏమీ కనిపించలేదని. మరి పదకొండేళ్ళు ఆయన నవ్వింది ఎందుకు? నన్ను చూసేనా?

ఆడపడుచును అడిగాను.

"మా అన్నయ్య నిన్ను ఆటపట్టించని రోజు ఉందా వదినా? ఇన్నేళ్ళు పట్టిందా నీకు తెలియడానికి?" అంది.

అది మనసులో ముల్లులా దిగింది. ఆ వారం ఒకరి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాను.

చివరికి కళ్ళద్దాల షాపాయనకు ఫోను చేశాను. మేడ మీద మా ఆయనకు జోడీ ఆయనే. "అన్నయ్యా, ఒక్కసారి నాకూ చూపించండి" అన్నాను. అడగాల్సింది వేరే ఉంది. ఫోనులో నోరు రాలేదు.

"శుక్రవారం వస్తా చెల్లెమ్మా. బుధగ్రహం కనిపించాలి. పొద్దు గూకాక అరగంటే ఉంటాడు, తర్వాత జారుకుంటాడు."

శుక్రవారం పగలంతా ఎండ కాసింది. తీరా మేడ మీద టెలిస్కోపు నిలబెట్టేసరికి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది.

"పదికి పది. ఇంక బుధుడూ లేడు, గురుడూ లేడు" అన్నారాయన విసుగ్గా.

అయినా చెరో స్టూలు మీద కూర్చున్నాం. అడిగేశాను.

"నేను 'ఇవాళ పదా' అన్నప్పుడల్లా మీరిద్దరూ నన్ను చూసి నవ్వుకునేవారా అన్నయ్యా?"

"నవ్వకుండా ఎలా ఉంటాం?"

స్టూలు మీంచి లేవబోయాను.

"మెడలు పట్టేసి, ఏమీ కనబడక దిగొచ్చేవాళ్ళం. నువ్వేమో 'మీ పంట పండింది' అని చురక అంటించేదానివి. మా ఆవిడ వెటకారం ముందు మనమెంతరా అనేవాడు వాడు. మబ్బున్నా సరే పద ఎక్కుదాం, దిగాక దాని మాట వినొచ్చు అనేవాడు."

"పది అంటే ఏమిటో నాకు తెలుసనుకున్నారా ఆయన?"

"చెప్పానన్నాడుగా. నువ్వు మిషను తొక్కుతూ తలూపావట."

ఊపే ఉంటాను. మిషను చప్పుడులో అన్నిటికీ తలూపేదాన్ని.

అంటే ఆయన నన్ను చూసి నవ్వలేదు, నా మాటకు నవ్వారు. కాని ఆ మాట నేను అనలేదు. అన్నాను, ఆ ఉద్దేశంతో కాదు. మరి ఆయన మెచ్చుకున్నది ఎవరిని? నన్నేనా? సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

అన్నయ్య నా వైపు తిరిగారు. "ఏం చెల్లెమ్మా, అది వెటకారం కాదా?"

చినుకులు మొదలయ్యాయి.

"మరి కాక?" అన్నాను, టెలిస్కోపు మీద గుడ్డ కప్పుతూ.

ఆయన హాయిగా నవ్వి మెట్లు దిగారు. అలా అనడం సరైనదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. అన్నయ్య ఇది చదివితే నిజం తెలిసిపోతుంది. కోప్పడతారో, మళ్ళీ నవ్వుతారో!

నన్ను అందరూ కొలతలమ్మ అంటారు. అరవై ఆరేళ్ళు. ఇప్పుడు మా చిన్నమ్మాయి ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటున్నాను.