డాబా మీదికి పైపు

ఎండలు ముదిరేలోగా కావలసిన పనులు ఇవి. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. స్తంభం నుంచి ఇంట్లోకొచ్చే పాత తీగ మార్పించాలి. పెరట్లో ఎర్తింగుకి గొయ్యి తవ్వించి ఉప్పూ బొగ్గూ పోయించాలి. వెనకగది కిటికీకి దోమల జాలీ తీసేసి అద్దాలు బిగించాలి. తలుపు కింద సందు మూయాలి. స్టెబిలైజరు తేవాలి. ఇవన్నీ అయ్యాక ఏసీ కొనాలి.

ఏసీ ఖర్చంటే ఏసీ ధరే అనుకుంది నాగదుర్గ. కొత్తపేటలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది, ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పెట్టె గుమ్మంలోకి రాకముందే దాని ఖరీదులో సగం ఇలా చిల్లరగా కరిగిపోతుందని ఆమె లెక్కలో లేదు.

అలాగని మానుకునేది కాదు. పోయిన రోహిణీకార్తెలో తల్లి మంగాయమ్మ పూతరేకుల కుండ ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. డాక్టరుగారు నాగదుర్గని పక్కకి పిలిచి, "ఇంకొక్కసారి ఇలా వడదెబ్బ తగిలితే కిడ్నీలు తట్టుకోవమ్మా. నిప్పు దగ్గర కూర్చోనివ్వకు" అన్నారు. తండ్రి పోయాక ఆ ఇంటిని నిలబెట్టింది ఆ కుండే. ఆత్రేయపురంలో పుట్టిన మనిషిని పని మానెయ్యమంటే వింటుందా?

అందుకని పని పంచేరు. పెరటి పాకలో బోర్లించిన కుండ మీద రేకులు తీయడం నూకాలమ్మది. వెనకగదిలో కూర్చుని ఆ రేకులకి నెయ్యీ బెల్లం పొడీ వేసి చుట్టడం మంగాయమ్మది. నూకాలమ్మ వెనక వీధి మనిషి, మంగాయమ్మకి ఈడుది. వరస లేకపోయినా వదినా అంటే వదినా అని పిలుచుకుంటారు.

రేకు సిగరెట్ కాగితం కన్నా పలచన. గట్టిగా నవ్వితే ఎగిరిపోతుంది. అందుకే ఆ ఊళ్ళో రేకులున్నచోట ఫ్యాను తిరగదు. పాకకి నాలుగువైపులా గోనెపట్టాలు కట్టుకుని, గాలి చొరకుండా చూసుకుని మరీ చెమటలు కక్కుతారు. వెనకగదికైనా ఏసీ తప్ప వేరే దారి కనబడలేదు.

ఏసీ బిగించడానికి మెకానిక్కు సాలమోను వచ్చేడు. గది చూసేడు, డాబా ఎక్కి దిగేడు.

"బయట పెట్టె డాబా మీద పెడితే మంచిదండి మేడంగారూ. కాకపోతే రాగిపైపు మీటర్ల లెక్కన అదనం పడుద్దండి. స్టాండు కూడా కొనాలి."

"దగ్గర్లో ఎక్కడా కుదరదా?"

"వెనకగోడకి కుదురుద్దండి. పెట్టెతో వచ్చిన పైపే సరిపోద్ది. కానీ ఎదురుగా పాక ఉంది కదండీ. వేడంతా అటే కొడుద్ది."

నాగదుర్గ పాకకేసి చూసింది. ఒక జీతంలో ఇంకేం మిగిలిందని. "గోనెపట్టాలు ఉన్నాయి కదండీ, అడ్డుకుంటాయి. వెనకగోడకే బిగించెయ్యండి" అంది.

"ఆయ్, మీ ఇష్టమండి" అన్నాడు సాలమోను.

గది చల్లబడింది. మొదటిరోజు గిన్నెలో నెయ్యి గడ్డకట్టుకుపోతే మంగాయమ్మ విస్తుపోయింది. "ఇదేం చోద్యమే అమ్మాయ్, వేసవికాలంలో నెయ్యి కరగబెట్టుకోవడం!" అని నవ్వింది. చుట్టేటప్పుడు రేకులు పెళుసెక్కి విరుగుతుంటే తడిగుడ్డ కప్పడం నేర్చుకుంది. రాత్రి కాళ్ళు పట్టెయ్యడం లేదంది. నాగదుర్గ గుండెల మీంచి బరువు దిగింది.

పెరట్లో మరోటి జరుగుతోంది. పెట్టె ఊదే గాలికి గోనెపట్టాలు కదిలి రేకులు చెదురుతున్నాయి. నూకాలమ్మ ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చి ఆ వైపు కట్టింది. చాలక ఇంకో పట్టా కట్టింది. రేకు నిలిచింది. కొబ్బరాకుల మంటా, పెట్టె వేడీ కూడా లోపలే నిలిచేయి.

"మీ అమ్మకేమో ఊటీ వచ్చింది దుర్గమ్మా, నాకు దుబాయి వచ్చింది" అందోరోజు, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ. "మా తమ్ముడు వీసాకి పొలం అమ్ముకున్నాడు. నేను ఉత్తినే వచ్చేసేను."

నాగదుర్గ పడిపడి నవ్వింది. తల్లికి చెప్పి మళ్ళీ నవ్వించింది.

బడికి సెలవులిచ్చేక, ఒక మధ్యాహ్నం మజ్జిగ చెంబు పట్టుకుని పాకలోకి వెళ్ళింది. దుప్పటి పక్కకి తీయగానే పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొట్టింది. నూకాలమ్మ గుంజకి జారబడి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. పక్కన రేకులు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ చిరగలేదు.

కొత్తపేట ఆస్పత్రిలో ప్రాణం నిలిచింది. మాట మాత్రం తడబడుతోంది, కుడిచెయ్యి వణుకుతోంది. నూకాలమ్మ కొడుకు వచ్చి, "మా ఊరు తీసుకుపోతానండి, అంతర్వేదిలో సముద్రం గాలాడుద్ది" అన్నాడు. ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండుననిపించింది నాగదుర్గకి. నూకాలమ్మే ఎడమచెయ్యెత్తి ఆమె బుగ్గ తడిమింది. "అమ్మని... కుండ దగ్గరకి... పోనివ్వకు."

సాలమోను మళ్ళీ వచ్చి పెట్టెని డాబా మీదికెక్కించేడు. పైపూ, స్టాండూ, కొత్తగా గ్యాసూ. మిగిల్చిన దానికి రెట్టింపయ్యింది. ఈసారి నాగదుర్గ బేరమాడలేదు.

అయినా మంగాయమ్మ ఏసీ వెయ్యనివ్వలేదు. "ఆ చల్లదనం ఎవరి మీదుగా వస్తోందో నేనైనా అడిగేనా?" అని, చీర కుచ్చెళ్ళు దోపుకుని పాకవైపు నడిచింది. నాగదుర్గ వెళ్ళి కుండకి అడ్డంగా కూర్చుంది.

"లే."

"లేవను. నువ్వెళ్ళి గదిలో కూర్చో. నూకాలమ్మత్త మాట."

ఆ పేరు వినగానే మంగాయమ్మ పాక గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. కాసేపటికి వెనకగదిలో ఏసీ చప్పుడు వినబడింది.

ఇప్పుడు తెల్లారగట్ల బడికి వెళ్ళేలోగా నాగదుర్గే రేకులు తీస్తుంది. నూకాలమ్మ కట్టిన దుప్పటి విప్పలేదు గానీ, ఒక పక్కకి మడిచి పెట్టింది. గాలికి రేకులు చెదురుతాయి, చిరుగుతాయి. ఆ పక్కన కూర్చుంటే అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలి తెలుస్తుంది.

ఎప్పుడైనా మీ ఇంటికి పూతరేకుల పెట్టె వస్తే, చుట్ట విప్పి చూడండి. చిరుగులేని రేకు కనబడితే ఒక్క క్షణం ఆగి నూకాలమ్మని తలుచుకోండి.